నాయనమ్మ మాట అటక మీద ఉంది

పర్లాకిమిడి

బుజ్జీ, చిన్నోడా,

"నాయనమ్మ మంచినీళ్ళని గొడుగు అంటోంది, మతి పోయిందా తాతయ్యా?" అని అడిగారు. అప్పుడు నాకు గొంతు పెగల్లేదు. అందుకే రాస్తున్నాను.

మతి పోలేదు. మన పాత ఇంటి అటక గుర్తుందా? చిన్నప్పుడు మా అమ్మ బెల్లం తెమ్మని నన్ను నిచ్చెన ఎక్కించేది. బెల్లం ఏ మూలనుందో నాకు తెలుసు. చీకట్లో చేయి మాత్రం చింతపండు కుండ మీద పడేది. ఒకరోజు నిచ్చెన మెట్టు విరిగి ఒట్టి చేతులతో దిగాను. అమ్మ తిట్టలేదు, కింద నిలబడి "నెమ్మదిగా రా" అంది. పక్షవాతంలో మెదడు ఎడమవైపు రక్తం అందక నాయనమ్మకి ఆ మెట్లే విరిగాయి. చాలామందికి మాటను చూసుకునేది ఆ వైపే. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు, "టాన్" తప్ప మరో మాట పెద్దగా రాని రోగి చనిపోయాక మెదడు చూస్తే ఎడమవైపు ముందుభాగమే దెబ్బతిని ఉంది.

మొన్న వీడియో కాల్‌లో స్పీచ్ థెరపిస్ట్ చూశారు. ముందు కళ్ళజోడు పెట్టించి, బాగా వినబడుతోందా అని అడిగారు. సిగ్నల్ తెగి మాట ముక్కలైతే తప్పు నాయనమ్మదే అనుకుంటాం కదా! పెన్ను చూపించి పేరడిగారు, కళ్ళు మూసుకోమన్నారు, చెప్పిన మాట తిరిగి అనమన్నారు. తాళంచెవి చూపించినప్పుడు నేను ఉండబట్టలేక "తాళంచెవి" అని అందించాను. మరో వస్తువుతో మళ్ళీ అడగాల్సి వచ్చింది. మీరు ఫోన్ పట్టుకున్న రోజున అలా చేయకండి.

మొదట ఒడియాలో అడిగితే సగం పేర్లు రాలేదు. బజారులో గలగలా ఒడియా మాట్లాడిన మనిషే! తెలుగులో అడిగితే మరికొన్ని వచ్చాయి. రెండు భాషలూ ఒకేలా దెబ్బతినాలని లేదు, రెండింట్లోనూ చూడాలి. మన సరిహద్దు ఊళ్ళలో ఇది మరవకూడదు. ఫోన్‌లో చూసింది మొదటి వడపోతే, పూర్తి పరీక్ష ఇంకా ఉంది.

ఎవరికైనా హఠాత్తుగా మూతి వంకరపోయినా, చేయి వాలినా, మాట తడబడినా మాత్రం వీడియో కాల్ కోసం ఆగొద్దు. వెంటనే 108కి చేయండి. రక్తపు గడ్డ కరిగించే మందు మామూలుగా ఈ లక్షణాలు మొదలైన 4.5 గంటలలోపే ఇస్తారు.

ఇంకో సంగతి. మంచినీళ్ళు అనలేని నాయనమ్మ నిన్న దీపం పెట్టే వేళ మంగళహారతి మాటలతో సహా పాడింది! ఇలా చాలామందిలో జరుగుతుందట. ఆ అటకకి వేరే దారి ఉందేమో, నాకు అంతుపట్టలేదు. రేపు సాయంత్రం ఆరింటికి ఫోన్ చేయండి. మొదటి పాదం మీరు అందుకుని, ఆపి, వినండి.

మీ తాతయ్య