చెదపురుగు పేగులోని ప్రోటోజోవా: అపోహలు - వాస్తవాలు

"ఎన్ని స్లైడ్లు చేసినా ఒక్క ట్రైకోనింఫా కూడా కనపడలేదు సార్, మైక్రోస్కోప్ పాడైందా?" ప్రాక్టికల్స్ వచ్చాయంటే ఈ ప్రశ్న తప్పదు. ట్రైకోనింఫా అంటే కొన్ని చెదల పేగులో ఉండి కర్రను అరిగించే ప్రోటోజోవా, అంటే ఏకకణ జీవి. కంగారు పడకండి. మైక్రోస్కోప్ బాగానే ఉంది, మీ చెయ్యీ బాగానే ఉంది. చాలాసార్లు తెచ్చిన చెదల్లోనే ఆ జీవులు ఉండవు.

అపోహ: ప్రతి చెదపురుగులోనూ కర్రను అరిగించే ప్రోటోజోవా ఉంటుంది.

వాస్తవం: చెదల జాతుల్లో సుమారు ముప్పాతిక వంతు టెర్మిటిడే కుటుంబానివి. వాటి పేగులో ఉండేది ప్రధానంగా బ్యాక్టీరియా. కర్ర అరిగించే కశాభ జీవులు (కొరడాల్లాంటి పోగులతో కదిలే ప్రోటోజోవా) ఉండవు. పుట్టలు పెట్టే ఒడొంటోటెర్మిస్ ఈ కుటుంబానిదే. అది టెర్మిటోమైసిస్ అనే శిలీంధ్రాన్ని సాగుచేసి, దాని సాయంతో కర్రను అరిగించుకుంటుంది. తవ్విన పుట్టలో శిలీంధ్రపు ముద్ద, దానిమీద ఆవగింజంతేసి తెల్లని గుండ్లు కనిపించాయా? అక్కడి పురుగులతో వంద స్లైడ్లు చేసినా వృథానే.

కశాభ జీవులు చూడాలంటే కర్రలోనే కాపురముండే క్రిప్టోటెర్మిస్ చెదను వెతకండి. అయితే వాటిలో ట్రైకోనింఫాయే ఉంటుందని చెప్పలేం, చెద జాతిని బట్టి మారుతుంది. తొలిచిన కర్ర కింద ఆరు పలకల సన్నని రెట్ట గుళికలు రాలి ఉంటే అది ఉన్నట్టే. కోప్టోటెర్మిస్ చెద అయినా పనికొస్తుంది, కాకపోతే దానిలో ఉండేది ట్రైకోనింఫాను పోలిన సూడోట్రైకోనింఫా. పొట్టలోని కర్రముద్ద గోధుమరంగులో బయటికి కనిపించే పురుగును ఎంచుకోండి. పాలలా తెల్లగా ఉన్నదాన్ని వదిలేయండి. కుబుసం విడిచినప్పుడల్లా ఈ జీవులు పోతాయి. తోటి చెదల వెనకపేగు ద్రవం తాగితేనే మళ్లీ చేరతాయి.

అపోహ: నీటిచుక్కలో పేగు చిదిమితే చాలు.

వాస్తవం: మామూలు నీళ్లలో అవి ఉబ్బి పగిలిపోతాయి. 100 మి.లీ. స్వేదనజలంలో 0.6 గ్రాముల సోడియం క్లోరైడ్ కలపండి. ఇదే సెలైన్. ఒక ఫోర్సెప్స్‌తో ఛాతీని పట్టి, ఇంకోదానితో పొట్ట కొసను మెల్లగా లాగితే పేగు వచ్చేస్తుంది. వెనకపేగులో ఉబ్బిన భాగాన్ని సెలైన్ చుక్కలో సూదితో పొడిచి, వెంటనే కవర్ స్లిప్ వేసి, అంచులకు వాజలైన్ రాయండి. ఆక్సిజన్ వీటికి విషం. ఆలస్యమైతే కదలిక ఆగిపోతుంది. 10 ఎక్స్ ఆబ్జెక్టివ్ చాలు. ట్రైకోనింఫా అయితే గంట ఆకారపు ముందుభాగం నుంచి కశాభాలు అలలు అలలుగా కదులుతుంటాయి, వెనకభాగంలో మింగిన కర్రముక్కలు కనిపిస్తాయి.

చేతికంటితే రోగం వస్తుందా? రాదు. ఇవి మనుషులకు సోకే జీవులు కావు.

కర్ర అరుగుదల మొత్తం ప్రోటోజోవాదేనా? అదీ కాదు. 1920లలో అమెరికా శాస్త్రవేత్త క్లీవ్‌లాండ్ ఆక్సిజన్ పీడనంతో వీటిని చంపితే, చెదలు కర్ర తింటూనే ఆకలితో చచ్చాయి. అందుకే ఈ మాట పాతుకుపోయింది. కానీ చెదపురుగు తన సొంత జన్యువులతోనూ సెల్యులేజ్ (కర్రలోని సెల్యులోజ్‌ను అరిగించే ఎంజైమ్) తయారుచేస్తుందని 1998లో తేలింది. ఆ ఎంజైమ్ ఒక్కటే ఈ చెదల ఆకలి తీర్చలేదు, అంతే.