టానిక్ వాటర్‌తో మలేరియా తగ్గదు: జిన్ చుట్టూ అల్లుకున్న అపోహలు

పోయిన వానాకాలంలో ఒక రాత్రి, సికింద్రాబాద్‌లో మా బార్ మూసే వేళకు ఫోన్ మోగింది. మా దగ్గరికి తరచూ వచ్చే కుర్రాడు. "అన్నా, నాన్నకు మూడు రోజులుగా చలిజ్వరం. టానిక్ వాటర్‌లో మలేరియా మందు క్వినైన్ ఉంటుందని మీరే చెప్పారు కదా, రోజుకు ఎన్ని డబ్బాలు ఇవ్వాలి? కొంచెం జిన్ కలిపితే ఇంకా మంచిదా?" గొంతు వణుకుతోంది. టానిక్ వాటర్ అంటే జిన్ అనే మద్యంలో కలుపుకునే, గ్యాసున్న చేదు పానీయం. "డబ్బాలు పక్కన పెట్టు తమ్ముడూ, ముందు ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించు" అన్నాను. తెల్లవారేసరికి రిపోర్టు వచ్చింది. వైవాక్స్ రకం మలేరియా. డాక్టరు క్లోరోక్విన్, ప్రిమాక్విన్ మాత్రలు రాశారు. ఆయన కోలుకున్నారు.

ఆ కుర్రాడిని నేను తప్పుపట్టను. ఇంట్లో తండ్రి దుప్పట్లో వణుకుతుంటే ఎవరైనా చేతికందిన దాన్నే పట్టుకుంటారు. నా కోపమంతా ఈ పుకారును ఏటా మోసుకొచ్చే వాళ్ల మీదే. 2020లో కరోనా సమయంలోనూ ఇదే వరస. హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందు పేరు టీవీలో వినగానే టానిక్ వాటర్ కూడా పనిచేస్తుందన్నారు. ఆ మందు వేరు, క్వినైన్ వేరు. పైగా ఆ మందు కూడా కరోనాకు పనిచేయదని పరీక్షల్లో తేలింది.

లెక్క చూడండి. అమెరికా నిబంధనల ప్రకారం లీటరు టానిక్ వాటర్‌లో క్వినైన్ 83 మిల్లీగ్రాములు దాటకూడదు. మలేరియాకు క్వినైన్‌తోనే చికిత్స చేయాల్సి వస్తే పెద్దవాళ్లకు సాధారణంగా ఎనిమిది గంటలకోసారి 600 మిల్లీగ్రాములు, ఏడు రోజులు ఇస్తారు. అంటే రోజుకు 1800. అంత క్వినైన్ టానిక్ వాటర్‌తో రావాలంటే రోజుకు 20 లీటర్లకు పైగా తాగాలి. అందులోని చక్కెర సంగతి వేరే చెప్పాలా? ఇక జ్వరానికి పారాసిటమాల్ వేసుకుంటూ పైన జిన్ తాగితే కాలేయానికి రెండు వైపులా దెబ్బ. గుండె లయకు మందులు వాడేవాళ్లు, గర్భిణులు టానిక్ వాటర్ విషయంలోనూ డాక్టరును అడగాలి.

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల సింకోనా చెట్టు బెరడు మలేరియాకు నిజంగానే మందు. 1820లో ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు దాని నుంచి క్వినైన్‌ను వేరుచేశారు. 1858లో లండన్‌కు చెందిన ఎరాస్మస్ బాండ్ టానిక్ పానీయానికి పేటెంటు తీసుకున్నాడు. భారతదేశంలోని ఆంగ్లేయులు చేదు విరగడానికి అందులో జిన్ కలుపుకున్నారని కథ. కానీ జిన్ అండ్ టానిక్ ప్రస్తావన అచ్చులో తొలినాళ్లలో కనిపించేది 1868 నాటి ఒక ఆంగ్లో ఇండియన్ క్రీడా పత్రికలో. అదీ గుర్రప్పందాలు ముగిశాక జనం దాహం తీర్చుకునే సందర్భంలో! మలేరియా దోమ ద్వారా వస్తుందని అప్పటికి ఎవరికీ రుజువు దొరకలేదు. 1897 ఆగస్టు 20న బ్రిటిష్ వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది మన సికింద్రాబాద్‌లోనే. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. ఆ ఊళ్లో కూర్చుని నన్ను ఈ ప్రశ్న అడిగితే బాధగా ఉంటుంది. మన భాషలో మందు అంటే ఔషధమూ, మద్యమూ కూడా కావడం ఈ గందరగోళాన్ని ఇంకాస్త పెంచుతోందేమో.

మిగతావి గబగబా చెప్పేస్తాను. జిన్‌కు రంగు లేదు కాబట్టి తేలిక అనుకోవద్దు. మన దేశంలో అమ్మే జిన్‌లో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది, విస్కీలో ఉన్నంతే. జిన్ సీసా మీద లండన్ డ్రై అని ఉంటే లండన్‌లో తయారైనదని కాదు, అది తయారీ పద్ధతి పేరు. జిన్‌ను జిన్ చేసేది జూనిపర్ కాయ, మన ఆయుర్వేదంలో హపుష అనేది ఆ జాతిదే. సోడా, టానిక్ ఒకటి కావు. ఇంట్లో బట్టీ పెట్టి జిన్ కాచడం నేరం, ప్రాణాంతకం కూడా.

ఐసు సంగతి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. మా బావగారు విదేశాల నుంచి తెచ్చిన ఖరీదైన సీసా తెరిచి, "ఎక్కువ వేస్తే నీళ్లయిపోతుంది" అని గ్లాసుకు రెండే ముక్కలు వేశారు. పది నిమిషాల్లో ముక్కలు కరిగిపోయాయి, గ్లాసులో గోరువెచ్చని చేదు నీళ్లు మిగిలాయి. గ్లాసు నిండా పెద్ద ముక్కలు వేస్తే పానీయం వెంటనే చల్లబడుతుంది, ఆ తర్వాత కరగడం నెమ్మదిస్తుంది. ఐసు నింపి, కొలత గ్లాసుతో 60 మిల్లీలీటర్ల జిన్ పోసి, అప్పుడే తెరిచిన చల్లని టానిక్ 150 మిల్లీలీటర్లు గ్లాసు అంచు వెంట మెల్లగా పోయండి. చెంచాతో అడుగు నుంచి ఒక్కసారి పైకి తిప్పితే చాలు, ఎక్కువ తిప్పితే గ్యాసంతా పోతుంది.

టానిక్ దొరకకపోతే జిన్, నిమ్మరసం కలిపే గిమ్లెట్ అనే కాక్‌టెయిల్ చేసుకోండి. జిన్ 60 మిల్లీలీటర్లు, నిమ్మరసం 20, చక్కెర పాకం 20. పాకమంటే సమానంగా చక్కెర, నీళ్లు కరిగించి చల్లార్చినది. రసం ఉన్న పానీయం కాబట్టి బాగా కుదపాలి. షేకర్ లేకపోతే గట్టి మూత ఉన్న స్టీలు డబ్బా చాలు. సగానికి పైగా ఐసు నింపి, డబ్బా బయట తెల్లగా మంచు పట్టి చేతికి జివ్వుమనే వరకు, ఓ పదిహేను సెకన్లు కుదిపి, టీ జల్లెడలో వడకట్టండి. నిమ్మకాయ మాత్రం అప్పటికప్పుడు పిండాలి. పొద్దున పిండి ఫ్రిజ్‌లో పెట్టిన రసంలో ఆ వాసన ఉండదు.