ఏనుగు దారిలో కప్ప నడవదు

పెద్ద జంతువుకు దారి వదిలితే చిన్నవన్నీ దాని వెనకే పోతాయన్న ధీమా వన్యప్రాణి కారిడార్ల (ఒక అడవి నుంచి ఇంకో అడవికి జంతువులు పోయే దారుల) ప్లానింగ్‌లో చాలాకాలం నడిచింది. కెనడాలోని బాన్ఫ్ నేషనల్ పార్క్ చూస్తే ఆ ధీమా నిలవదు. అక్కడ హైవే పైన వంతెనలు, కింద అండర్‌పాస్‌లు కట్టి, ఏది ఎటు దాటుతోందో ఏళ్ల తరబడి గమనించారు. గ్రిజ్లీ ఎలుగులు, ఎల్క్‌లనే పెద్ద దుప్పులు, జింకలు ఎత్తుగా, విశాలంగా ఉన్న దారులవైపు మొగ్గాయి. నల్ల ఎలుగులు, కూగర్లనే పెద్ద అడవి పిల్లులు మాత్రం ఇరుకైన, చీకటి అండర్‌పాస్‌లనే ఎక్కువగా ఎంచుకున్నాయి. గ్రిజ్లీ, నల్లది రెండూ ఎలుగులే, అయినా దారి దగ్గర కుదరలేదు!

కారిడార్ గీయడానికి మ్యాప్‌ను గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడి దాటడం ఎంత కష్టమో అంకె వేస్తారు. అడవికి తక్కువ, పొలానికి ఎక్కువ, రోడ్డుకు ఇంకా ఎక్కువ. మొత్తం కష్టం తక్కువయ్యే దారిని కంప్యూటర్ వెతుకుతుంది. కానీ ఆ దారి జంతువుకు ముందే తెలియదు కదా! అందుకే బ్రాడ్ మెక్‌రే అనే జీవావరణ శాస్త్రవేత్త 2006లో కరెంటు సర్క్యూట్ల లెక్కను ఇందులోకి తెచ్చారు. జంతువుల కదలికను కరెంటులా లెక్కిస్తే, అది ఉన్న దారులన్నిట్లోనూ పారుతుంది. వేరే దారి లేని సన్నని సందుల్లో చిక్కబడుతుంది. ముందుగా కాపాడాల్సింది ఆ సందులనే.

గళ్లకు వేసే ఆ అంకెలు ఎక్కడివన్నది ఇంకో పేచీ. తరచుగా అవి మెడకు జీపీఎస్ కాలర్ (జాడ తెలిపే పట్టీ) వేసిన, ఒకచోట స్థిరపడిన, వయసొచ్చిన జంతువులవి. కొత్త చోటు వెతుక్కుంటూ బయల్దేరిన కుర్ర జంతువు, ఆ వయసొచ్చినది అడుగుపెట్టని పొలాల్లోంచి కూడా పోతుంది.

నేలమీద మెల్లగా కదిలేవాటి సంగతి పూర్తిగా వేరు. కప్పలు, చిన్న బల్లులు, రెక్కల్లేని పురుగులు పొడవాటి కారిడార్‌ను ఒక్క జీవితకాలంలో దాటలేవు. మధ్యలోనే పిల్లల్ని కంటాయి, ఆ పిల్లలు ఇంకాస్త ముందుకు జరుగుతాయి. ఇలా తరాలు పడుతుంది. వాటికి కారిడార్‌లోనే కాపురం. ఏనుగుకు రాత్రిపూట అడ్డం లేకపోతే చాలేమో గానీ, కప్పకు దారి పొడవునా తడి, నీడ, గుడ్లు పెట్టడానికి కుంటలు కావాలి. సీతాకోకచిలుకలకు ఆగాగి పూలమొక్కలున్నా సరిపోవచ్చు. కొమ్మల మీదే బతికే, తోకలేని వానరం గిబ్బన్‌కు మాత్రం చెట్ల మధ్య కొన్ని మీటర్ల ఖాళీ కూడా గోడే. అస్సాంలోని హొల్లొంగాపార్ అభయారణ్యాన్ని రైలు పట్టాలు చీల్చడంతో వచ్చిన చిక్కు ఇదే.

అందుకే జాతుల్ని పేరుప్రతిష్ఠలు చూసి కాక, కదిలే తీరు చూసి ఎంచుకోవాలి. అన్నిటికీ డబ్బు చాలదు నిజమే. అలాంటప్పుడు చుట్టుదారి ఏనుగుకు ఇచ్చి, తడి ఉన్న దగ్గరి దారి కప్పకు వదలడమే సబబని నాకనిపిస్తుంది. ఏనుగు ఇంకో నాలుగు కిలోమీటర్లు నడవగలదు.