పత్తి సుంకం, పార్టీల మాట: ఆదోని యార్డులో వినే అపోహలు

ఆదోని యార్డులో పత్తి కొని జిన్నింగ్ మిల్లులకు పంపించే పని నాది. సీజన్ మొదలైతే చాలు, దిగుమతి సుంకం మీద వాదనలే. వాటిలో చాలావరకు తప్పు లెక్క మీద నడుస్తాయి. రైతు ఆ లెక్క నమ్ముకుని పత్తి ఆపుకోవడమో, తొందరపడి అమ్ముకోవడమో చేస్తాడు. అందుకే రాస్తున్నా.

అపోహ: ఫలానా పార్టీ విదేశీ సరుకును రానివ్వదు, అవతలి పార్టీ రానిస్తుంది.

వాస్తవం: 1991లో 300 శాతం దాటిన గరిష్ఠ సుంకాన్ని 150కి దించింది కాంగ్రెస్ ప్రభుత్వం. అప్పట్లో స్వదేశీ నినాదం బీజేపీది. అదే బీజేపీ అధికారంలో ఉండగా 2001 ఏప్రిల్ 1న చివరి 715 సరుకుల మీద పరిమాణ ఆంక్షలు (బయటి నుంచి ఇంతే రావాలన్న హద్దులు) పోయాయి. ప్రపంచ వాణిజ్య సంస్థలో అమెరికా వేసిన కేసులో మనం ఓడిపోయాం మరి. ఆసియా-పసిఫిక్ దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఆర్‌సెప్ చర్చల్లో 2012లో చేరింది కాంగ్రెస్ నడిపిన యూపీఏ. 2019లో దాన్ని వ్యతిరేకించినవాళ్లలో కాంగ్రెస్ ఉంది, బయటికి వచ్చింది మోదీ ప్రభుత్వం. అధికారంలో ఉన్నవాళ్ల దగ్గరికి నూలు మిల్లులు, ఎగుమతిదారులు వెళ్తారు. ప్రతిపక్షం దగ్గరికి రైతు వెళ్తాడు. కుర్చీ మారితే మాట మారేది అందుకే.

అపోహ: సుంకం మారాలంటే బడ్జెట్ రావాలి.

వాస్తవం: మనకు ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. 1962 కస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద ఒక్క నోటిఫికేషన్‌తో కేంద్రం సుంకం మినహాయించగలదు. పత్తి మీద 11 శాతం పెట్టింది 2021 బడ్జెట్. 2022 ఏప్రిల్ 14న అదే ప్రభుత్వం తీసేసింది, మినహాయింపు అక్టోబర్ 31 దాకా నడిచింది. 2025 ఆగస్టు 19న మళ్లీ తీసేశారు. ముందు సెప్టెంబర్ 30 వరకే అన్నారు. అమెరికా మన సరుకు మీద 50 శాతం వేసిన వేళ బట్టల పరిశ్రమను ఆదుకోవాలంటూ డిసెంబర్ 31 దాకా పొడిగించారు. మన చేలల్లో పత్తి తీత ఊపందుకునే నెలలు సరిగ్గా అవే. మిల్లుకు బయటి దూది చవగ్గా దొరికితే మా బేరం దిగుతుంది. ఆ ఏడాది పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు రూ.8,110. అయితే తేమ 12 శాతం దాటితే మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ కొనదు. వానకు తడిసిన పత్తి తెచ్చిన రైతుకు ఆ ధర కాగితం మీదే మిగులుతుంది.

అపోహ: అమెరికాలో రిపబ్లికన్లు మొదటినుంచీ స్వేచ్ఛా వాణిజ్యం వైపే, ట్రంప్ ఒక్కడే మార్చాడు.

వాస్తవం: దిగుమతి సుంకాలు పెంచిన 1890 మెకిన్లీ చట్టం, 1930 స్మూట్-హాలీ చట్టం రిపబ్లికన్లవే. సుంకాలు తగ్గించమన్నది డెమొక్రాట్లు. వాళ్లకు బలం దక్షిణాది పత్తి రైతులు, వాళ్ల దూది ఇంగ్లండుకు పోయేది. తర్వాత బట్టల మిల్లులే దక్షిణాదికి తరలివచ్చాయి, అక్కడి నాయకులూ రక్షణ అడగడం మొదలుపెట్టారు. 1993లో అమెరికా, కెనడా, మెక్సికోల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం నాఫ్టాకు ప్రతినిధుల సభలో ఓటేసినవాళ్లు రిపబ్లికన్లు 132 మంది, డెమొక్రాట్లు 102 మంది. చైనా మీద ట్రంప్ వేసిన సుంకాల్లో చాలావాటిని బైడెన్ ఉంచేశాడు.

అపోహ: సుంకం 11 శాతం ఉంటే రైతుకు 11 శాతం ఎక్కువ వస్తుంది.

వాస్తవం: రాదు. ప్రపంచ మార్కెట్లో దూది పడిపోతే సుంకం ఉన్నా ధర పడుతుంది.

ఈసారి ఓటుకు వచ్చే ఏ పార్టీవాళ్లనైనా ఒకటే అడగండి: అక్టోబర్ నుంచి మార్చి దాకా పత్తి సుంకం ముట్టుకోబోమని మేనిఫెస్టోలో రాస్తారా?