పాత వాల్వు పోర్టబుల్ రేడియోలు: అపోహలు - వాస్తవాలు

బ్యాటరీతోనూ కరెంటుతోనూ పాడే పాత వాల్వు పోర్టబుల్ సెట్లను బాగుచేయడం నా పని. ట్రాన్సిస్టర్లు రాకముందు రేడియోల్లో వాడిన గాజు గొట్టాలే ఈ వాల్వులు. చికాగోలోని జెనిత్ కంపెనీ 1951లో తెచ్చిన ట్రాన్స్-ఓషియానిక్ హెచ్500 అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. సెట్టు పట్టుకొచ్చేవాళ్లు అనే మాటలకు దాన్ని దృష్టిలో పెట్టుకునే జవాబు చెబుతున్నాను.

అపోహ: ముందు ప్లగ్ పెట్టి చూస్తే పోలా?

వాస్తవం: పోతుంది, సెట్టే పోతుంది. అది 117 వోల్టుల సెట్టు, మన ప్లగ్గులో వచ్చేది 230. మామూలు ఆటోట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుందే కానీ మెయిన్స్ లైనును విడదీయదు. చాసిస్, అంటే లోపలి లోహపు చట్రం, ముట్టుకుంటే షాక్ కొట్టొచ్చు. అందుకే వోల్టేజీని తగ్గిస్తూనే సెట్టును మెయిన్స్ నుంచి విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. లోపలి మైనపు కాగితం కండెన్సర్లు ఈపాటికి కరెంటును లీక్ చేస్తూనే ఉంటాయి. వాటినీ, పెద్ద ఫిల్టర్ కండెన్సర్లనూ మార్చాకే వేరియాక్‌తో, అంటే వోల్టేజీని తిప్పి మార్చుకునే ట్రాన్స్‌ఫార్మర్‌తో, నెమ్మదిగా వోల్టేజీ పెంచాలి.

అపోహ: పాడకపోతే ఒక్కో వాల్వూ పీకి చూడాలి.

వాస్తవం: కరెంటు ఉండగా మాత్రం పీకొద్దు. ఐదు వాల్వుల ఫిలమెంట్లూ (లోపల వేడెక్కే సన్నని తీగలు) పండగ సీరియల్ బల్బుల్లా వరసగా కలిసి ఉంటాయి, వాటిలో పారేది 50 మిల్లీఆంపులే. ఒకటి పీకితే వరస తెగుతుంది. మామూలుగా కొద్ది వోల్టులే ఉండే ఆ లైన్లోని కండెన్సర్ అమాంతం ఎక్కువ వోల్టేజీకి చార్జ్ అవుతుంది. వాల్వు మళ్లీ గుచ్చగానే ఆ చార్జంతా ఫిలమెంట్లలోంచి దూకుతుంది. మాడిపోయినవాటిలో 1ఎల్6 అనే వాల్వు ఉందంటే జేబుకు చిల్లే. అది దొరకడమే కష్టం, దొరికినా ధర మండిపోతుంది. ముల్లు మీటరుతో ఓమ్స్ చూసేటప్పుడూ జాగ్రత్త. కొన్ని పాత మీటర్లు తక్కువ రేంజిలో 50 మిల్లీఆంపుల కంటే ఎక్కువే పంపుతాయి. డిజిటల్ మీటరుతో ఆ భయం లేదు.

అపోహ: సెలీనియం రెక్టిఫైయర్ తీసి డయోడ్ వేస్తే చాలు.

వాస్తవం: రెక్టిఫైయర్ పని ఏసీ కరెంటును డీసీగా మార్చడం. సెలీనియందాని బదులు డయోడ్ వేస్తే వోల్టేజీ పెరుగుతుంది. దాంతో వరసగా ఒక రెసిస్టర్ పెట్టాలి. 1.4 వోల్టుల ఫిలమెంటుకు ఆ అంకె దాటకుండా నేను మీటరు పెట్టి చూసుకుంటాను.

అపోహ: ఈ సెట్టుకు వేసే పాత బ్యాటరీలు ఇప్పుడు రావు కదా!

వాస్తవం: 9 వోల్టులవి పది వరసగా కలిపితే 90 వోల్టులు. ఫిలమెంట్లకు 1.5 వోల్టుల సెల్స్ ఆరు, వరసగా. కరెంటు వల్ల వచ్చే హమ్ (గుంయ్‌మనే మోత) అసలు ఉండదు, హాయిగా పాడుతుంది. కాకపోతే 90 వోల్టులు కూడా గట్టిగానే కొడతాయి.

అపోహ: వాల్వులో ఎర్ర పాదరసం ఉంటుంది, లక్షలొస్తాయి.

వాస్తవం: శుద్ధ మోసం. గాజు లోపల వెండిలా మెరిసేది బేరియం పూత, లోపల మిగిలిన వాయువును పీల్చేస్తుంది. అది తెల్లబడిందంటే గాలి దూరినట్టే, ఆ వాల్వు పనికిరాదు. ఈ ఆశతో నిక్షేపంలాంటి సెట్లను ముక్కలు చేసినవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

అపోహ: స్టేషన్ సరిగా రాకపోతే లోపలి స్క్రూలు తిప్పాలి.

వాస్తవం: అవి ట్యూనింగ్ సరిచేసే స్క్రూలు. పరీక్ష కోసం సిగ్నల్ పుట్టించే సిగ్నల్ జనరేటర్ లేకుండా వాటి జోలికి వెళ్లొద్దు. ముందు గదిలో ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు ఆపి వినండి. గురగుర తగ్గితే తప్పు సెట్టుది కాదు.