పాదం నేల తాకకూడదు: మోటార్‌సైకిల్ ట్రయల్స్ గురించి అపోహలు - వాస్తవాలు

నేను ట్రయల్స్ నడుపుతానని చెప్పగానే ఊళ్లో బంధువులు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఏ జట్టుకు సెలక్షన్?" మన పత్రికల్లో ట్రయల్స్ అంటే ఆటగాళ్ల ఎంపిక పోటీలే కాబట్టి ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. నేను చెప్పేది వేరే ఆట. బండరాళ్ల మీద, వాగుల్లో, బురద గట్ల మీద కాలు కింద పెట్టకుండా మోటార్‌సైకిల్ నడిపే పోటీ ఇది. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ఉద్యోగం చేసుకుంటూ పదేళ్లుగా ఆదివారాలు క్లబ్బు పోటీల్లో నడుపుతున్నాను. బండి నడపని ఆదివారం అబ్జర్వర్‌గా, అంటే రైడర్ల తప్పులు లెక్కపెట్టే మనిషిగా, ఏదో ఒక వాగు గట్టున నిలబడతాను. ఇందులోనే జీవితం గడిపినవాళ్లను అలా దగ్గరగా చూసే అవకాశం దొరికింది. ఫోన్లలో తిరిగే చిన్న వీడియోలు చూసి మనవాళ్లు నన్ను చాలా విషయాలు అడుగుతుంటారు. ఎక్కువసార్లు వినిపించే అపోహలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇది కూడా బైకు రేసే. వేగంగా వెళ్లినవాడు గెలుస్తాడు.

వాస్తవం: ట్రయల్స్‌లో వేగానికి బహుమతి లేదు. పోటీ జరిగే దారి పొడవునా 'సెక్షన్లు' అనే చిన్న చిన్న కష్టమైన తావులు ఉంటాయి. మా దగ్గర ఒక్కో సెక్షన్‌కు కుడివైపు ఎర్ర గుర్తు, ఎడమవైపు నీలం గుర్తు పెడతారు. ఆ రెండింటి మధ్య నుంచే బండి పోవాలి. కాలు ఒక్కసారి కూడా నేలకు ఆనకుండా బయటపడితే సున్నా. దాన్ని 'క్లీన్' అంటాం. ఒకసారి కాలు ఆనిస్తే ఒక పాయింటు, రెండుసార్లయితే రెండు, మూడుసార్లు లేదా అంతకు మించితే మూడు. పడిపోయినా, గుర్తులు దాటి బయటికి పోయినా ఐదు. పోటీ ముగిసేసరికి ఎవరి ఖాతాలో తక్కువ పాయింట్లుంటే వారే విజేత. మొత్తం దారి పూర్తి చేయడానికి గడువు ఉంటుంది, ఆలస్యానికి శిక్షా ఉంటుంది. ముందుగా వచ్చినందుకు మాత్రం ఏమీ రాదు.

ఈ లెక్కను కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ఈ ఆటగాళ్ల స్వభావమంతా ఇందులోంచే వస్తుంది. ట్రయల్స్‌లో సంపాదించుకునే పాయింటు అంటూ ఒక్కటీ లేదు. అన్నీ పోగొట్టుకునేవే. నాలుగో సెక్షన్‌లో పడ్డ ఐదును పదో సెక్షన్‌లో ఎంత అద్భుతంగా నడిపినా తుడిచెయ్యలేరు. క్రికెట్‌లో ఒక ఓవరు చెడితే తర్వాతి ఓవరులో సర్దుకోవచ్చు. ఇక్కడ సర్దుకోవడమంటే ఇకముందు పోగొట్టుకోకుండా ఉండటమే. స్పెయిన్‌లోని కాటలోనియాకు చెందిన టోని బౌ 2007 నుంచి 2024 వరకు ఒక్క ఏడాది కూడా వదలకుండా ఆరుబయట పోటీల ప్రపంచ టైటిల్‌నూ, ఇండోర్ ప్రపంచ టైటిల్‌నూ గెలిచాడు. 18 ఏళ్లలో 36 టైటిళ్లు. ఆ సంఖ్య వినగానే అందరూ అతని దూకుళ్ల గురించి మాట్లాడతారు. అన్నేళ్లపాటు ప్రతి సీజన్‌లోనూ అందరికంటే తక్కువ తప్పులు చేయడం నాకు అంతకంటే పెద్ద విషయంగా కనిపిస్తుంది.

అపోహ: రోడ్ల మీద ముందు చక్రం లేపి చేసే విన్యాసాలకే ఇది పెద్ద పేరు.

వాస్తవం: మంచి ట్రయల్స్ రైడర్ బండి ఎక్కేముందు చేసే పని చూస్తే ఈ అపోహ పోతుంది. హెల్మెట్ తీసి, సెక్షన్ మొత్తం కాలినడకన తిరుగుతాడు. వంగి రాళ్లను చేత్తో కదిలించి చూస్తాడు. ఏ రాయి తడిగా ఉంది, ఏ వేరు మీద చక్రం జారుతుంది, ఎక్కడ ఊపిరి తీసుకునే చోటు ఉంది అన్నది గుర్తు పెట్టుకుంటాడు. ముందు వెళ్లిన నలుగురైదుగురిని గమనిస్తాడు. రెండు నిమిషాలైనా పట్టని సెక్షన్ కోసం పావుగంట చూడటం మామూలే. అబ్జర్వర్‌గా నిలబడ్డప్పుడు, రైడర్ నడిచి చూసే తీరును బట్టి అతని స్కోరు ఎంతో నాకు చాలాసార్లు ముందే తెలిసిపోతుంది.

ఇంగ్లండ్ ట్రయల్స్ రైడర్ డగీ ల్యాంప్‌కిన్ 2016లో ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో టీటీ అనే ప్రసిద్ధ మోటార్‌సైకిల్ రేసు జరిగే రోడ్డు దారి మొత్తం, అంటే దాదాపు 60 కిలోమీటర్లు, ముందు చక్రం కింద పెట్టకుండా వెనుక చక్రం మీదనే నడిపాడు. దాన్ని విన్యాసం అనొచ్చు. అయితే ఆ రోజుకు అతని వెనుక 12 ప్రపంచ టైటిళ్లున్నాయి, చిన్నప్పటి నుంచి యార్క్‌షైర్ గుట్టల్లో చేసిన సాధన ఉంది. అది చూసి జనం తిరిగే రోడ్డు మీద ఒక కుర్రవాడు ముందు చక్రం లేపితే వాడికీ ఈ ఆటకూ ఏ సంబంధమూ లేదు. ఆ మాట నేను గట్టిగానే చెబుతాను.

అపోహ: బుల్లెట్ ట్రయల్స్ అని బండి వచ్చింది కదా, అదే ఈ ఆటకు వాడేది.

వాస్తవం: 2019లో రాయల్ ఎన్‌ఫీల్డ్ మన దేశంలో ఆ పేరుతో 350, 500 బళ్లు తెచ్చింది. అవి పాత జ్ఞాపకానికి గౌరవంగా తయారైనవి. ఆ జ్ఞాపకం మాత్రం నిజమైనది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో బుల్లెట్ ట్రయల్స్ పోటీల్లో పేరు తెచ్చుకుంది. జానీ బ్రిటెన్ అనే రైడర్ 1952లో, 1957లో రాయల్ ఎన్‌ఫీల్డ్ మీద, స్కాట్లండ్‌లో ఆరు రోజులు సాగే పేరున్న పోటీ స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ గెలిచాడు. మన ఊళ్లలో పాలక్యాన్లు మోసిన బండి వంశానికి ఇంత చరిత్ర ఉందని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది.

ఈనాటి పోటీ బండి దానికి పూర్తిగా భిన్నం. 2019 బుల్లెట్ ట్రయల్స్ 180 కిలోలు దాటుతుంది. ఇప్పటి ట్రయల్స్ బండి 70 కిలోల అటూ ఇటూ ఉంటుంది. దానికి సీటే ఉండదు, ఎందుకంటే సెక్షన్‌లో ఎవరూ కూర్చోరు. పెట్రోలు ట్యాంకులో పట్టేది రెండు మూడు లీటర్లు. వెనుక టైరులో గాలి నాలుగైదు పీఎస్ఐ మాత్రమే ఉంచుతాం. మామూలు రోడ్డు బండిలో అది 30 దాకా ఉంటుంది. గాలి తక్కువైతే మెత్తని టైరు రాతి మీద పరుచుకుని పట్టు దొరుకుతుంది. మార్పు 1960ల్లోనే మొదలైంది. బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన సామీ మిల్లర్, తన బరువైన ఏరియల్ బండిని వదిలి, స్పెయిన్ కంపెనీ బుల్టాకోతో కలిసి తేలికైన షెర్పా టి తయారు చేయించాడు. 1965లో బుల్టాకో మీదే స్కాటిష్ సిక్స్ డేస్ గెలిచాడు. బ్రిటిష్ బళ్ల రాజ్యం అక్కడి నుంచి సడలింది. ట్రయల్స్ కేంద్రం మెల్లగా స్పెయిన్‌కు మారింది.

అపోహ: కండబలం ఉన్నవాళ్లకే సాధ్యం.

వాస్తవం: బలం అక్కరలేదని అనను. ఆరు రోజుల పోటీకి ఓపిక కావాలి, ముంజేతులు గట్టిగా ఉండాలి. కానీ నిలువెత్తు బండను ఎక్కించేది కండలు కావు. ముందు చక్రం రాతికి తగిలే క్షణంలో రైడర్ మోకాళ్లు వంచి కిందికి నొక్కుతాడు. సస్పెన్షన్ కుంగి, మళ్లీ పైకి తన్నుతుంది. అదే క్షణంలో ఒక్క వేలితో పట్టుకున్న క్లచ్‌ను వదులుతాడు. ఇంజను శక్తి ఒక్కసారిగా వెనుక చక్రానికి అందుతుంది, బండి లేస్తుంది. ఈ మూడూ ఒకే క్షణంలో కలవాలి. ఒకటి ముందయినా వెనుకయినా బండి రాతికి గుద్దుకుంటుంది. మా క్లబ్బులో 60 దాటిన ఒక రైతు పాత బండి మీద, తనకంటే రెట్టింపు బలమున్న కుర్రవాళ్లు ఐదు తీసుకున్న చోట క్లీన్‌గా వెళ్లడం నేను ఎన్నోసార్లు నా కార్డు మీద రాశాను.

అపోహ: ప్రపంచ స్థాయికి చేరితే కోట్లు వస్తాయి.

వాస్తవం: ఈ ఒక్క విషయంలో తల్లిదండ్రులకు నేను ఎప్పుడూ నిజమే చెబుతాను. కంపెనీ జట్టులో జీతం తీసుకుని నడిపేవాళ్లు ప్రపంచం మొత్తం మీద చాలా కొద్దిమంది. ఆ కిందివాళ్లకు దొరికేది ఒక బండి, టైర్లు, విడిభాగాలు, డీలరు ఇచ్చే తగ్గింపు. వ్యాను నడిపేది తండ్రి, వంట చేసేది తల్లి, సెక్షన్‌లో పక్కన పరుగెత్తి బండి మీద పడకుండా పట్టుకునే 'మైండర్' అన్నయ్యో, స్నేహితుడో. వారమంతా మెకానిక్‌గానో, తాపీ పనిలోనో ఉండి శుక్రవారం రాత్రి బయలుదేరే జాతీయ స్థాయి రైడర్లు నాకు తెలుసు. మా క్లబ్బు పోటీకి ప్రవేశ రుసుం ఇరవై పౌండ్ల అటూ ఇటూ ఉంటుంది. అబ్జర్వర్లకు జీతం లేదు. వానలో ఆరు గంటలు నిలబడ్డందుకు ఒక భోజనం పొట్లం, టీ. వాళ్లు రాకపోతే పోటీయే లేదు.

అందుకే ఈ ఆటలో వంశాలు ఎక్కువ కనిపిస్తాయి. మా యార్క్‌షైర్‌లోని సిల్స్‌డెన్‌కు చెందిన ల్యాంప్‌కిన్ కుటుంబాన్నే చూడండి. అన్నదమ్ములు ఆర్థర్, అలన్, మార్టిన్ ముగ్గురూ స్కాటిష్ సిక్స్ డేస్ విజేతలే. ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1975లో మొదలైనప్పుడు దాన్ని మొదట గెలిచినవాడు మార్టిన్. ఆయన కొడుకు డగీ 1997 నుంచి 2003 వరకు వరసగా ఏడుసార్లు గెలిచాడు. బండి సర్దడం, రాయి చదవడం ఇంట్లోనే నేర్చుకున్న పిల్లవాడికీ, అన్నీ కొనుక్కోవలసిన పిల్లవాడికీ మధ్య తేడా చాలా పెద్దది.

పోటీలు ఆగాక ఏం చేస్తారన్న ప్రశ్న కూడా వస్తుంది. శిక్షణ శిబిరాలు, ప్రదర్శనలు, బళ్ల అమ్మకం సాధారణంగా కనిపించే దారులు. ఏడుసార్లు ప్రపంచ విజేత అయిన జోర్డి తారెస్ ట్రయల్స్ బళ్లు తయారుచేసే టిఆర్ఎస్ అనే కంపెనీని స్థాపించినవారిలో ఒకడు. సామీ మిల్లర్ ఇంగ్లండ్ దక్షిణాన న్యూ మిల్టన్‌లో మోటార్‌సైకిల్ మ్యూజియం పెట్టాడు. ట్రయల్స్‌ను వదిలి వెళ్లినవాళ్లు తక్కువ.

అపోహ: ముప్పై దాటితే ముగిసినట్టే.

వాస్తవం: వేగం మీద ఆధారపడే ఆటలకు ఆ లెక్క సరిపోతుంది. 1986లో పుట్టిన టోని బౌ 38 ఏళ్లు నిండే నెలల్లో కూడా ప్రపంచ విజేతగానే ఉన్నాడు. 2004లో ప్రపంచ టైటిల్ గెలిచిన జపాన్ రైడర్ తకహిసా ఫుజినామి 2021లో, 41వ ఏట, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోని ఒక పోటీ మళ్లీ గెలిచాడు. ఆ సీజన్‌తో విరమించి, తన జట్టుకే మేనేజర్ అయ్యాడు.

అపోహ: ఆడపిల్లల ఆట కాదు.

వాస్తవం: మహిళలకు ప్రపంచ టైటిల్ 2000లో మొదలైంది. స్పెయిన్‌కు చెందిన లాయా సాంజ్ 2013 నాటికి దాన్ని 13 సార్లు గెలిచింది. ఎడారుల్లో రోజుల తరబడి సాగే డకార్ ర్యాలీలో, 2015 బైకుల విభాగంలో పురుషులతో కలిపి తొమ్మిదో స్థానంలో నిలిచింది. ఎడారిలో ఆమెను నిలబెట్టింది ట్రయల్స్‌లో నేర్చుకున్న పట్టే అని నా నమ్మకం.

అపోహ: నెమ్మదిగా పోయే బండి కాబట్టి దెబ్బలు తగలవు.

వాస్తవం: పోటీలో వేగం చాలాసార్లు మనిషి నడకకు దగ్గరగా ఉంటుంది, కాబట్టి రేసుల్లో జరిగే ఘోర ప్రమాదాలు ఇక్కడ అరుదు. కానీ మనిషి ఎత్తు దాటిన బండ మీద నుంచి వెనక్కి పడితే, బండి మన మీద పడితే, దెబ్బ వేగం అడగదు. మణికట్టు, మోకాలి చిప్ప, పక్కటెముకలు తరచుగా గాయపడతాయి. రైడర్ చేతికీ బండికీ మధ్య ఒక తాడు ఉంటుంది. మనిషి పడగానే అది ఊడి ఇంజను ఆగిపోతుంది. ఒంటరిగా సాధన చేయకూడదన్నది మా క్లబ్బులో కచ్చితమైన నియమం. మూడేళ్ల కిందట తడి రాతి మీద జారి నా ఎడమ మణికట్టు విరిగినప్పుడు నా మీద నుంచి బండి తీసింది పక్కనే ఉన్న స్నేహితుడే.

అపోహ: మన తెలుగు నేల మీద ఇది మొదలుపెట్టే వీలే లేదు.

వాస్తవం: పోటీ బండి మామూలు షోరూముల్లో దొరకదు. దిగుమతి ఖర్చు మధ్యతరగతి ఇంటికి బరువే. కానీ అక్కడి నుంచి మొదలుపెట్టాలని ఎవరన్నారు? జోర్డి తారెస్, టోని బౌ ఇద్దరూ సైకిల్ ట్రయల్స్ నుంచి వచ్చినవాళ్లే. బండిని అక్కడికక్కడే గెంతించి దిశ మార్చే పద్ధతులు ఈ ఆటలోకి సైకిల్ నుంచే వచ్చాయి. ఇక రాళ్లంటారా, హైదరాబాద్ చుట్టుపక్కల గుండ్లను చూసినప్పుడల్లా నాకు సెక్షన్లే కనిపిస్తాయి. వాటిలో కాపాడుకోవలసినవి చాలా ఉన్నాయి కనుక వాటి మీదికి ఇంజను బండి ఎక్కించమని చెప్పను. పెరట్లో ఒక పలక, నాలుగు ఇటుకలు చాలు.

చేయవలసింది ఇది. చిన్న సైకిల్ తీసుకుని సీటు పూర్తిగా దించండి, హెల్మెట్ పెట్టుకోండి. కొద్దిగా ఎత్తుగా ఉన్న చోట ముందు చక్రాన్ని ఎత్తువైపు కొంచెం తిప్పండి. పెడళ్లు రెండూ ఒకే ఎత్తులో ఉంచి, బలమైన కాలు ముందు పెట్టి లేచి నిలబడండి. బ్రేకు మీద ఒక్క వేలే ఉండాలి. చూపు చక్రం మీద పెట్టొద్దు, నాలుగు గజాల ముందు ఏదో ఒక గుర్తు మీద ఉంచండి. ఒరిగిపోతున్నప్పుడు హ్యాండిల్‌తో సర్దకుండా మోకాళ్లతో, నడుముతో సర్దండి. కాలు కింద పెట్టకుండా ముప్పై సెకన్లు నిలబడటం మొదటి పాఠం. నాకు దానికి మూడు వారాలు పట్టింది. ఇప్పటికీ ప్రతి ఆదివారం ఇంజను స్టార్ట్ చేసే ముందు ఐదు నిమిషాలు అదే చేస్తాను.