ఎల్‌ఎన్‌జీ ప్లాంటులో ప్రెషర్ నుంచి కరెంటు: అపోహలు - వాస్తవాలు

సహజ వాయువును మైనస్ 162 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబరిస్తే ద్రవంగా (ఎల్‌ఎన్‌జీగా) మారుతుంది, పరిమాణం సుమారు 600 రెట్లు తగ్గుతుంది. అయితే చల్లబరిచే పని జరిగేది ఎక్కువ ప్రెషర్‌లో, సాధారణంగా 50 బార్‌కు అటూ ఇటూగా (ఒక బార్ అంటే దాదాపు వాతావరణ పీడనం). ట్యాంకులో నిల్వ చేసేది మాత్రం దాదాపు వాతావరణ పీడనంలో. ఈ మధ్యలోని ప్రెషర్‌ను వాల్వ్‌లో వృథాగా వదిలేయవచ్చు, లేదా దాంతో ఒక టర్బైన్ తిప్పి కరెంటు తీయవచ్చు. ఆ టర్బైన్‌నే మేం లిక్విడ్ ఎక్స్‌పాండర్ అంటాం. నా పని ఈ యంత్రాలతోనే. వీటి గురించి కొన్ని తప్పు అభిప్రాయాలు పదే పదే వింటుంటాను.

అపోహ: ఎక్స్‌పాండర్ పెట్టేది కరెంటు కోసమే.

లెక్క వేద్దాం. ఏడాదికి 50 లక్షల టన్నులు తీసే ట్రెయిన్ (గ్యాస్‌ను ద్రవంగా మార్చే ఒక పూర్తి యూనిట్) 8,000 గంటలు నడుస్తుందనుకుంటే, సెకనుకు 174 కిలోల ద్రవం వస్తుంది. అంటే దాదాపు 0.4 ఘనపు మీటర్లు. 45 బార్ దించి, యంత్రం సామర్థ్యం 80 శాతం అనుకుంటే చేతికి వచ్చేది 1.4 మెగావాట్లు. అదే ట్రెయిన్‌లో చల్లబరిచే వ్యవస్థను నడిపే కంప్రెసర్లకు కావాల్సింది 100 మెగావాట్లకు పైనే. కరెంటు వరకే చూస్తే ఇది చిన్న మొత్తం.

అసలు లాభం చల్లదనంలో ఉంది. కేబుల్ గుండా బయటికి వెళ్లే ప్రతి కిలోవాట్ ఎల్‌ఎన్‌జీలోంచి తీసేసిన శక్తే. పై లెక్కలో అది కిలోకు 8 కిలోజౌళ్లు. మీథేన్ ఆవిరి కావడానికి కిలోకు సుమారు 510 కిలోజౌళ్లు పడతాయి. అంటే వాల్వ్‌లో అయితే ఆవిరైపోయే ద్రవంలో, మొత్తం ప్రవాహంలో ఒకటిన్నర శాతానికి సమానమైన భాగం ద్రవంగానే మిగులుతుంది. గంటకు దాదాపు 10 టన్నులు! పైగా మైనస్ 150 డిగ్రీల దగ్గర ఒక కిలోవాట్ వేడిని తోడాలంటే ఆదర్శ యంత్రానికే సుమారు ఒకటిన్నర కిలోవాట్లు కావాలి, నిజం కంప్రెసర్లకు దానికి రెట్టింపుకు పైనే. ఆ ఖర్చు లేకుండానే ఎక్స్‌పాండర్ ఆ పని చేసిపెడుతోంది.

ఆవిరైన గ్యాస్‌ను ఇంధనంగా వాడుకుంటాం కదా, నష్టమేముంది అని అడుగుతారు. మంచి ప్రశ్న. ఇంధనానికి కావాల్సినంత ఆవిరి రానిస్తూనే, ప్రధాన హీట్ ఎక్స్ఛేంజర్ (గ్యాస్ వేడిని లాగేసి ద్రవంగా మార్చే పరికరం) నుంచి ద్రవాన్ని కాస్త తక్కువ చల్లదనంతో బయటికి పంపవచ్చు. అప్పుడు అవే కంప్రెసర్లతో ఎక్కువ ఉత్పత్తి వస్తుంది.

అపోహ: వాల్వ్ కూడా చల్లబరుస్తుంది కదా, తేడా ఏముంది?

గ్యాస్ వాల్వ్ గుండా వెళ్తే చల్లబడుతుంది. జూల్, థామ్సన్ 1850లలో ప్రయోగాలు చేసి గమనించినది అదే. కానీ బాగా చల్లబరిచిన ద్రవం విషయంలో వ్యవహారం తిరగబడుతుంది. మైనస్ 150 దగ్గర ఎల్‌ఎన్‌జీ ప్రెషర్‌ను వాల్వ్‌తో దించితే, అది మరిగే స్థితికి చేరేదాకా కొద్దిగా వేడెక్కుతుంది. 45 బార్‌కు నా అంచనాలో ఒకటిన్నర డిగ్రీకి పైగా. అదే ప్రెషర్‌ను ఎక్స్‌పాండర్‌లో దించితే ఒక డిగ్రీకి దగ్గరగా చల్లబడుతుంది. వాల్వ్ తర్వాత కనిపించే పెద్ద చల్లదనం ద్రవంలో కొంత భాగం ఆవిరవడం వల్ల వచ్చింది. ఆ చల్లదనానికి మూల్యం ఉత్పత్తిలోంచే పోతోంది.

అపోహ: మండే ద్రవంలో జనరేటర్‌ను ముంచడం ప్రమాదం.

ఈ యంత్రాల్లో జనరేటర్ కూడా ఎల్‌ఎన్‌జీలోనే మునిగి ఉంటుంది. వినగానే భయం వేయడం సహజం. కానీ మీథేన్ మండాలంటే గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య కలవాలి. ఎల్‌ఎన్‌జీతో నిండిన పాత్రలో గాలికి చోటు లేదు. ఎల్‌ఎన్‌జీ విద్యుత్తును ప్రవహించనివ్వదు కూడా. టర్బైన్, జనరేటర్ ఒకే షాఫ్ట్ మీద లోపలే ఉంటాయి కాబట్టి బయటికి షాఫ్ట్ రాదు, లీకయ్యే షాఫ్ట్ సీలూ ఉండదు. బేరింగులను తడిపేదీ, చల్లబరిచేదీ ఎల్‌ఎన్‌జీయే. ట్యాంకుల్లోని మునిగి ఉండే పంపులు దశాబ్దాలుగా ఇదే సూత్రం మీద నడుస్తున్నాయి. నిజంగా జాగ్రత్త కావాల్సింది కేబుల్ బయటికి వచ్చే చోట. అక్కడ రెండు సీళ్లు పెట్టి, మధ్యలో నైట్రోజన్ నింపి గమనిస్తారు.

ఇలా ముంచడంలో ఒక లోటుంది. జనరేటర్‌లో వృథా అయ్యే శక్తి వేడిగా మారి తిరిగి ఎల్‌ఎన్‌జీలోకే వెళ్తుంది. అందుకే జనరేటర్ సామర్థ్యంలో ఒక్క శాతం దగ్గర కూడా నేను రాజీ పడను.

అపోహ: ఎక్స్‌పాండర్ పెట్టాక వాల్వ్ తీసేయొచ్చు.

తీయకూడదు. యంత్రం ట్రిప్ అయితే, అంటే రక్షణ వ్యవస్థ దాన్ని కరెంటు లైను నుంచి విడదీస్తే, జనరేటర్ మీద లోడు ఒక్కసారిగా పోతుంది, వేగం విపరీతంగా పెరుగుతుంది. ముందున్న వాల్వ్ వెంటనే మూసుకోవాలి, పక్కనున్న బైపాస్ వాల్వ్ అంతే త్వరగా తెరుచుకోవాలి. లేదంటే ప్రధాన ఎక్స్ఛేంజర్‌లో ప్రవాహం దెబ్బతింటుంది. ఒక చోట బైపాస్ వాల్వ్ నెమ్మదిగా తెరుచుకునేలా సెట్ చేశారు. ఒకే ఒక్క ట్రిప్‌కు ట్రెయిన్ మొత్తం కుదుటపడడానికి గంటలు పట్టింది. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఎక్స్‌పాండర్ తర్వాత కూడా ఒక వాల్వ్ ఉంటుంది. ద్రవం లోపలే మరిగిపోకుండా అది కాస్త ప్రెషర్ నిలుపుతుంది.

అపోహ: లోపల ఆవిరి పుడితే టర్బైన్ పాడవుతుంది.

ద్రవం కోసమే చేసిన యంత్రంలో నిజమే. కానీ ఆవిరి, ద్రవం కలిసి రావడానికే రూపొందించిన ఎక్స్‌పాండర్లూ ఉన్నాయి. పోలండ్‌లోని ఓడోలనూవ్ ప్లాంటులో వాటిని నడిపారు.

అపోహ: ప్లాంటులో కరెంటు పోతే ఇదే ఆదుకుంటుంది.

వీటిలో ఎక్కువగా వాడేది ఇండక్షన్ జనరేటర్. అయస్కాంత క్షేత్రం కోసం అది గ్రిడ్ మీదే ఆధారపడుతుంది. గ్రిడ్ పోతే ఇదీ ఆగుతుంది.

అపోహ: ప్రెషర్ దొరికేది ఎల్‌ఎన్‌జీలోనే.

గ్యాస్‌ను చల్లబరచడానికి వాడే మిశ్రమ రిఫ్రిజిరెంట్‌లోని బరువైన ద్రవ భాగానికీ ఇలాంటి ఎక్స్‌పాండర్ పెడతారు. గ్యాస్ నుంచి కార్బన్ డయాక్సైడ్ తీసే అమీన్ ద్రావణమూ ఎక్కువ ప్రెషర్‌లోనే బయటికి వస్తుంది. అక్కడ తరచూ పంపునే వెనక్కి తిప్పి టర్బైన్‌గా వాడతారు. కరెంటు తీయకుండా, దాని శక్తిని నేరుగా మరో అమీన్ పంపుకు అందిస్తారు. ఆ పంపు తిరిగితేనే గ్యాస్ శుద్ధి జరిగే టవర్‌లోకి ద్రావణం వెళ్తుంది, వెళ్తేనే టర్బైన్‌కు తిరిగి వస్తుంది. కాబట్టి మొదట మోటారే పంపును నడపాలి. టర్బైన్ ఆ వేగాన్ని అందుకున్నాక మాత్రమే మధ్యలోని ఓవర్‌రన్నింగ్ క్లచ్ (ఒకవైపే శక్తిని అందించే క్లచ్) పట్టుకుంటుంది, మోటారు మీద భారం తగ్గుతుంది.